ముప్పై ఏడు డిగ్రీల దగ్గర

పదీ పదికి కప్పు నా చేతికొచ్చింది. మూత బిగించి ఉంది, పక్కన అంటించిన చీటీ మీద పద్దెనిమిది అన్న నంబరు, దాని కింద వయసు ముప్పై ఆరు. ఈ పరీక్షకి వచ్చే మగవాళ్ళు హాల్లో పేరు పెట్టి పిలిస్తే లేచి వెళ్ళిపోతారని మా ల్యాబులో ముందు నుంచీ నంబర్లే. కాబట్టి చీటీ చూసినవాళ్ళకి అది ఎవరిదో తెలియదు, నాకు తప్ప. మామూలుగా ఈ శాంపిళ్ళు చూసేది లెక్కలాయన, నా పక్క బల్ల దగ్గర ఇరవయ్యేళ్ళుగా కణాలు లెక్కపెడుతున్న సీనియరు. చెల్లెలు ఇల్లు మారుతోందని ఆయన ఇవాళ సెలవు పెట్టాడు. రక్తం తీసే అమ్మాయి, మేమంతా దోమ అని పిలిచేది, తనకి ఈ పని రాదు. మిగిలింది నేను. కిటికీలోంచి కప్పు అందించేటప్పుడు మా ఆయన నా మొహం చూడలేదు, నా వెనక ఉన్న ఫ్రిజ్జుని చూశాడు. మాడిన రొట్టె వెనక్కి తెచ్చినవాళ్ళు అతను పనిచేసే బేకరీ కౌంటరు మీద ఎలా పెడతారో అలా పెట్టి, వెళ్ళి హాల్లో కూర్చున్నాడు. నేను టైము రాసుకుని, ఇంక్యుబేటర్ తలుపు తీసి మధ్య అరలో ఉంచాను. ముప్పై ఏడు డిగ్రీలు, అంటే ఒంటి వేడి. వీర్యం బయటికి రాగానే గడ్డలా ఉంటుంది, అరగంట వెచ్చగా ఉంచితే తనంతట తనే పల్చబడుతుంది. అప్పటిదాకా చూడటానికి ఏమీ ఉండదు. చూసినా ఏమీ తెలియదు.

పదీ నలభై దాకా పని లేదని కాదు. ట్రేలో పదమూడు రక్తం గొట్టాలున్నాయి, ఒక్కోదాన్నీ తిప్పి, చీటీ చూసి, యంత్రంలో పెట్టాలి, చేతులు ఆ పని చేస్తూనే ఉన్నాయి. పద్నాలుగేళ్ళ అలవాటు, చేతులకి నా అవసరం లేదు. తాళం పడని కిటికీలోంచి హాలు సగం కనిపిస్తుంది, నీలం ప్లాస్టిక్ కుర్చీల వరసలో మూడోదాంట్లో మా ఆయన చెప్పులు కనిపిస్తున్నాయి, వేళ్ళ సందుల్లో పిండి తెల్లగా. పొద్దున్న ఎంత రుద్దినా ఆ పిండి పోదు. తెల్లారకముందే వెళ్ళి ఓవెన్ ముందు నిలబడే మనిషి, అతని ఒంట్లో నడుము నుంచి కిందకి ఎప్పుడూ వేడే, పెళ్ళయిన కొత్తలో ఆ వేడి నాకు బాగుండేది. ఆ వేడి వీర్యకణాల్ని ఏం చేస్తుందో అప్పటికే చదువుకుని ఉన్నాను కూడా. చదువుకున్నది ఒక చోట ఉంటుంది, నేను ఇంకో చోట ఉంటాను, మధ్యలో తలుపు వేసి ఉంటుంది. ఇదే కిటికీ దగ్గరికి వచ్చి ఆడవాళ్ళు గొంతు తగ్గించి అడుగుతారు, అమ్మా పద్నాలుగో రోజే కదా, అని. వాళ్ళకి ఓపిగ్గా చెబుతాను, పద్నాలుగు అందరికీ కాదు, మీ నెల ఎన్ని రోజులో ముందు చూసుకోండి, అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి సుమారు రెండు వారాల ముందు, అని. వాళ్ళు వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోతారు. నాది ముప్పై నాలుగు రోజుల నెల. నా రోజు ఇరవయ్యోది. కానీ మా ఇంటి క్యాలెండరులో అత్తగారు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేది పద్నాలుగు చుట్టూ. ఆ రోజు ఆవిడ మాకు తొందరగా భోజనం పెట్టి, టీవీ కట్టేసి, మోకాళ్ళ నొప్పి అని చెప్పి పక్కింటికి వెళ్ళిపోయేది. మోకాళ్ళ నొప్పితో రెండంతస్తుల మెట్లు దిగి. నేను ఆవిడకి ఒక్కసారి కూడా చెప్పలేదు, మీ లెక్క తప్పు అని. పద్నాలుగో రోజు ఆవిడ కోసం, ఇరవయ్యో రోజు నా కోసం. మా ఆయనకి ఈ లెక్కలు తెలియవు, నెలకి రెండుసార్లు ఈ ఇంట్లో తనమీద ప్రేమ ఎందుకు పుడుతుందో అతనెప్పుడూ అడగలేదు.

పద్నాలుగో రోజైనా ఇరవయ్యో రోజైనా తర్వాత కాళ్ళు గోడకి ఎత్తి పెట్టి పడుకోవాలి. అదీ అత్తగారే, నేరుగా చెప్పలేక మా ఆడపడుచు చేత చెప్పించింది. నడుము కింద దిండు, కాళ్ళు గోడ మీద, అరగంట కదలకూడదు, లేస్తే అంతా కారిపోతుంది. కారిపోయేది ఎలాగూ కారిపోతుంది, వెళ్ళాల్సినవి మొదటి నిమిషాల్లోనే వెళ్ళిపోతాయి, నిలబడితే కింద పడిపోవడానికి అవి గోళీలు కావు. ఈ మాట దోమతో అన్నాను, అది పడీ పడీ నవ్వింది. అయినా ఇంటికి వెళ్ళి కాళ్ళు గోడకి పెట్టుకున్నాను. మా పడకగది గోడకి నా మడమల చోట రెండు మరకలు పడ్డాయి. ఎందుకు పెట్టుకున్నానంటే, ఇది ఎవరికీ చెప్పలేదు, ఆ అరగంట మా ఆయన నా పక్కన కూర్చునేవాడు. తెల్లారకముందే లేవాల్సిన మనిషి కాబట్టి మామూలు రోజుల్లో తల దిండు మీద పెట్టగానే నిద్రపోతాడు. ఆ రోజుల్లో మాత్రం నిద్రపోకూడదని అతనికేదో అనిపించేది, కాపలా కాస్తున్నట్టు మంచం అంచున కూర్చుని బేకరీ సంగతులు చెప్పేవాడు. పిండి ఎందుకు పొంగలేదో, కొత్తగా వచ్చిన కుర్రాడు ఉప్పు రెండుసార్లు ఎలా వేశాడో, పుట్టినరోజు కేకు మీద పేరు తప్పు రాస్తే ఒక పెద్దావిడ తన మనవడికి ఆ తప్పు పేరే ఖాయం చేస్తానని ఎలా బెదిరించిందో. నేను తలకిందులుగా వింటూ నవ్వేదాన్ని, నవ్వితే కదులుతావు అని కసిరేవాడు. ఐదేళ్ళలో మేమిద్దరం మాట్లాడుకున్న మాటల్లో సగం నా కాళ్ళు గోడ మీద ఉండగా మాట్లాడుకున్నవే. అది వట్టిదని చెబితే ఆ అరగంట పోతుంది.

ఇంక్యుబేటర్ ఎర్ర దీపం ఆరి వెలిగింది. పది ఇరవై మూడు. ఆరో గొట్టం, ఏడో గొట్టం. మాత్రల సంగతి కూడా అలాంటిదే. పెళ్ళయిన మొదటి సంవత్సరం నేను మాత్రలు వాడాను, అప్పుడే వద్దని ఇద్దరం అనుకున్నాం. ఖాళీ అట్ట ఒకటి బీరువా అడుగున అత్తగారికి దొరికింది. ఆవిడ అరవలేదు. అట్టని నా ముందు పెట్టి, "ఇవి తింటే లోపల ఎండిపోతుందమ్మా, చదువుకున్నదానివి, నీకు తెలీదా" అంది, జాలిగా. మానేసిన రెండు మూడు నెలల్లో ఒళ్ళు ఎప్పటిలా అయిపోతుందని పుస్తకాల్లో ఉంది, నాకు ముప్పై రెండో రోజునే నెలసరి వచ్చేసింది, అయినా ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కారణం దొరికినట్టయింది. కారణం దొరికితే ఇంటికి నెమ్మది. బంధువులు వచ్చినప్పుడు ఆవిడ వంటింట్లో గొంతు తగ్గించి మాత్రలు అనేది, వాళ్ళు అయ్యో అనేవాళ్ళు, ఆ అయ్యోలో నాకు తప్ప అందరికీ చోటుండేది. మా అమ్మేమో ఆలోచించడం మానెయ్యవే, మానేస్తే అదే వస్తుంది అనేది. దేని గురించి ఆలోచించకూడదో దాన్ని రోజూ ఫోను చేసి గుర్తు చేసేది. పిన్ని, ఎవరినైనా తెచ్చి పెంచుకో, ఆ వెనకే నీదీ వస్తుంది అంది, పెంచుకోవడానికి తెచ్చే పిల్ల గాలానికి గుచ్చే ఎర అన్నట్టు. పక్కింటావిడ, తన మొదటి వాడు అడక్కుండానే పుట్టాడనీ రెండోదానికి ఆరేళ్ళు పట్టిందనీ చెప్పింది. అందరిలోకీ ఆవిడ ఒక్కతే నాకేం చెయ్యాలో చెప్పలేదు. మా ఆయన పరీక్ష మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఒకసారి నేనే ఎత్తాను, అన్నం తింటుండగా, మామూలుగా, ఉప్పు అందించమన్నట్టు. అత్తగారు గరిటె గిన్నెలో పెట్టి, "మా ఇంట్లో మగవాళ్ళకి ఆ మాట ఎప్పుడూ రాలేదమ్మా. మా మామగారికి యాభై ఐదేళ్ళప్పుడు మా చిన్న ఆడపడుచు పుట్టింది" అంది. మా ఆయన తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అది సిగ్గనుకున్నాను.

సిగ్గు కాదని తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈలోగా నాకు అన్ని పరీక్షలూ అయ్యాయి. హార్మోన్లు ఇదే యంత్రంలో, నేనే నా గొట్టం పెట్టుకున్నాను. స్కానింగులు పదకొండు. ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూడటానికి రంగు ద్రవం ఎక్కించి ఎక్సరే తీశారు, చల్లటి బల్ల, తెరలో నా లోపలి దారి సన్నగా తెల్లగా పాకడం నేనే చూశాను, రెండు పక్కలా బయటికి ఒలికింది, అంటే బాగుందని అర్థం. బాగున్నందుకు కడుపు మెలిపెట్టి రెండు రోజులు లేవలేదు. అన్నీ బాగానే ఉన్నాయి అన్నారు. నాలుగేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగం మందికి మగవాళ్ళ వైపు కూడా ఏదో ఒకటి ఉంటుందని నాకు తెలుసు, రిపోర్టులు టైపు చేసేది నేనే, అయినా గట్టిగా పట్టుపట్టలేదు. నిజం చెప్పుకోవాలంటే నాకు భయం. నాలో అన్నీ బాగున్నాయి, అతనిది చూడలేదు, ఈ రెంటి మధ్యన ఉన్న ఖాళీలో ఏదైనా జరగొచ్చు. చూస్తే ఆ ఖాళీ మూసుకుపోతుంది. ఇంట్లో అందరూ నావైపు చూస్తున్నంత కాలం ఆశ ఇంకా ఉన్నట్టే. నేను మోస్తున్నది నింద అనుకున్నాను, ఎంతసేపూ మోసింది ఆ ఖాళీనేమో.

మూడు వారాల కింద ఓవెన్ చెడిపోయి మా ఆయనకి ఒక పగలంతా సెలవు దొరికింది. బట్టలు ఆరేస్తున్నాను. అతను బకెట్టు పక్కన నేల మీద కూర్చుని క్లిప్పులు ఒక్కొక్కటే అందిస్తూ చెప్పాడు. పెళ్ళికి చాలా ముందు, పని నేర్చుకున్న బేకరీలో కేకులు డబ్బాల్లో సర్దే అమ్మాయి ఉండేది, వాళ్ళిద్దరికీ స్నేహం, ఆ అమ్మాయికి కడుపొచ్చింది, మూడో నెలలో పోయింది, తర్వాత ఆ అమ్మాయి వేరే ఊరు వెళ్ళిపోయింది, ఇంకెప్పుడూ కలవలేదు. "నాలో లోపం లేదని నాకు తెలుసు. ఎలా తెలుసో నీకు చెప్పలేకపోయాను" అన్నాడు. నా చేతిలో అతని చొక్కా ఉంది. దాన్ని దులిపి, భుజాలు సరిచేసి తీగ మీద వేశాను. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాను, రాలేదు, దానికి బదులు ఫారం నింపేటప్పుడు అడిగే ప్రశ్నలు నోటికొచ్చాయి. "ఏ సంవత్సరం?" చెప్పాడు. "ఆ తర్వాత పెద్ద జబ్బు ఏమైనా చేసిందా?" కాసేపు ఆలోచించి, "గవదబిళ్ళలు. ఇరవై ఆరేళ్ళప్పుడు. చిన్నపిల్లలకి వచ్చేది నాకొచ్చిందని అందరూ నవ్వారు" అన్నాడు. దవడల వాపు తగ్గాక కింద వృషణాలు వాచాయట, నడవలేక పదిహేను రోజులు మంచంలో ఉన్నాడట, వాళ్ళమ్మే తడిగుడ్డలు వేసిందట. ఈ సంగతి ఎవరూ ఎప్పుడూ దాచలేదు, చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు, అంతే. ఒకసారి కడుపొస్తే ఎప్పుడైనా వస్తుందని అతను ఆ పాత లెక్క పట్టుకుని కూర్చున్నాడు. ఆ లెక్క రాసిన ఒళ్ళు వేరు, ఇప్పటి ఒళ్ళు వేరు. క్లిప్పు ఇంకొకటి అందించాడు. తీసుకుని, "మూడు రోజులు ఆగి ల్యాబుకి రా" అన్నాను.

మూడు అన్నాను. ఇవాళ ఫారంలో ఎన్ని రోజులు ఆగారు అన్న గడిలో అతను పంతొమ్మిది అని రాశాడు. నడుము నొప్పి, ఆర్డర్లెక్కువ, నిద్ర వస్తోంది అని ఇన్నాళ్ళూ నన్ను తప్పించుకు తిరిగింది అందుకని ఇప్పుడు అర్థమైంది. దాచిపెడితే బలం పెరుగుతుందని అతని నమ్మకం. ఎక్కువ రోజులు ఆపితే పాతవి మందగించి పడి ఉంటాయి, పరీక్ష చెడుతుంది కూడా. ఫారం చూసి నవ్వొచ్చింది, పరీక్షకి ముందు రోజు పుస్తకం దిండు కింద పెట్టుకు పడుకునే పిల్లల్లా అనిపించాడు. పది ముప్పై తొమ్మిది. కప్పు బయటికి తీసి మెల్లగా తిప్పాను. పల్చబడింది. చుక్క స్లైడు మీద వేసి, పైన పల్చటి గాజు పలక దించి, గాలి బుడగ లేకుండా చూసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. ముందు మసక, తర్వాత గుండ్రటి వెలుగు. ఆ వెలుగులో ఏమీ లేదు. స్లైడుని ఒక గడి జరిపాను. ఏమీ లేదు. ఏమీ లేదంటే బొత్తిగా ఖాళీ కాదు, చర్మం రాలిన తునకలు, గుండ్రటి కణాలు రెండు మూడు, చీకటిగా ఏవో చుక్కలు, ఇంట్లో మనుషులు లేనప్పుడు సామాన్లు కనిపించినట్టు. పైనుంచి కిందకి, కింది నుంచి పైకి, పొలం దున్నినట్టు వరస తప్పకుండా చూశాను. బాగున్నవాళ్ళవి చూస్తే ఆ వెలుగు ఉడుకుతున్నట్టుంటుంది, కళ్ళు నిలవవు. ఇది కదలని వెలుగు. రెండో స్లైడు వేశాను. అదీ అంతే. ఇంకో గడి జరిపాను.

వీర్యకణాలు కనిపించకపోతే వెంటనే లేవు అని రాయకూడదు. మొత్తం శాంపిల్ గొట్టంలో పోసి గిర్రున తిప్పాలి, ఎక్కడైనా ఒకటీ అరా ఉంటే అడుక్కి చేరతాయి. సెంట్రిఫ్యూజ్ లో ఎదురుగా ఇంకో గొట్టం పెట్టి అంతే బరువు నీళ్ళు పోశాను, లేకపోతే యంత్రం ఊగిపోయి బల్ల మీద నడుస్తుంది. మూత వేశాను. పదిహేను నిమిషాలు. ఆ రొద మొదలవగానే హాలు మాటలు వినపడటం మానేశాయి. దోమ వచ్చి నా మొహం చూసి, "అక్కా, టీ తేనా" అంది. వద్దన్నాను. అది యంత్రం వైపు, చీటీ వైపు చూసి, ఏదో అడగబోయి, సూదుల డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. లేవనే తేలితే ఏమవుతుంది అని ఆలోచించాను. ఏమీ అవదు. సాయంత్రం ఇద్దరం ఇంటికి వెళ్తాం. ఎర్ర సున్నా చుట్టిన క్యాలెండరు అక్కడే ఉంటుంది. నేను గెలుస్తాను, ఆ మాట ఒక్కసారి తలలోకి వచ్చింది, ఐదేళ్ళకి నేను గెలుస్తాను, ఇదిగో చూడండి అని కాగితం చూపిస్తాను, అత్తగారు చదవలేక కళ్ళజోడు వెతుక్కుంటుంది. ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాను. దాంట్లో ఎక్కడా సంతోషం కనిపించలేదు. గెలిచిందేమిటంటే, నాకు పిల్లలు పుట్టకపోవడానికి కారణం నేను కాదు. పుట్టకపోవడం మాత్రం అలాగే ఉంది. ఆ కేకులు సర్దిన అమ్మాయి గుర్తొచ్చింది, చూడని మనిషి ఎలా గుర్తొస్తుందో తెలియదు. మూడో నెలలో ఎవరు తోడున్నారో ఆమెకి. ఆమె కూడా ఎక్కడో ఏదో గోడకి కాళ్ళు పెట్టుకుందేమో, లేక నలుగురు పిల్లలతో ఎక్కడో మార్కెట్లో సంచి మోస్తోందేమో. ఆమె మీద అసూయ పడాలా అని వెతుక్కున్నాను. అదీ దొరకలేదు.

పదకొండూ ఐదుకి యంత్రం ఆగింది. గొట్టం అడుగున బియ్యపు గింజంత మడ్డి. పైనున్నది తీసేసి, ఆ మడ్డిని పైపెట్ తో కదిపి చుక్క వేశాను. మొదటి వరస ఖాళీ. రెండో వరస ఖాళీ. మూడో వరసలో అంచున, సగం వెలుగులో సగం చీకట్లో ఒకటి పడి ఉంది, తల, తోక, కదలడం లేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను, ఉంది. ఐదో వరసలో ఇంకొకటి, తల వంకర. ఏడులో మూడోది. అది కదులుతోంది. ముందుకి కాదు, ఉన్నచోటనే తోక కొట్టుకుంటూ, నీళ్ళు తక్కువైన చేపలా. ఎంతసేపు చూశానో తెలియదు. ఈ పనిలో లక్షలు చూశాను, లక్షల్ని లక్షలని రాసి మర్చిపోయాను, ఒక్కదాన్ని ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. స్లైడు అలాగే ఉంచి, లోపలి గదిలో ఉన్న డాక్టరుగారిని పిలిచాను. ఆయనే మా రిపోర్టుల మీద సంతకం పెట్టే పెద్దాయన, ఎప్పుడూ స్వెటరు వేసుకుని ఉంటారు. ఆయన కూర్చుని, ఫోకస్ సరిచేసుకుని, మొత్తం స్లైడు నాకంటే మెల్లగా చూశారు. "మూడు. ఒకటి కదులుతోంది. పంతొమ్మిది రోజులు ఆపాడా ఈ మనిషి" అని, "మూడు వారాలు పోయాక ఇంకోటి ఇమ్మను. ఒక్కదాన్ని పట్టుకుని ఏమీ తేల్చకూడదు" అన్నారు. తర్వాత కాగితం మీద పేరు లేని గడి చూసి నావైపు తిరిగారు. "ఎవరమ్మా?" "మా ఆయన" అన్నాను. ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి తీసి పెట్టారు. "ఇది నువ్వు చూడకుండా ఉండాల్సింది." "లెక్కలాయన లేడు కదండీ." "నన్ను పిలవాల్సింది" అన్నారు. కోప్పడినట్టు లేదు. సంతకం పెట్టి, నా బల్ల మీద మిగిలిన గొట్టాలు తనే తన వైపు జరుపుకున్నారు.

హాల్లోకి వెళ్ళి మా ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ఎవరో పాపని ఆడిస్తున్నారు, అతను అటు చూడకుండా గోడ మీది ధరల పట్టిక చదువుతున్నాడు.

"ఉన్నాయా?" అన్నాడు.

"ఉన్నాయి. చాలా తక్కువ. మూడు కనిపించాయి."

"మూడు లక్షలా?"

"మూడు."

అతను తల ఊపాడు, పిండి బస్తాలు ఎన్ని మిగిలాయో విన్నట్టు. తర్వాత చేతులు మోకాళ్ళ మీద బోర్లించి పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. నేను చెప్పాల్సినవి చెప్పాను, ఈ కిటికీ దగ్గర అందరికీ చెప్పినట్టే, మూడు వారాల తర్వాత మళ్ళీ ఇవ్వాలి, ఈసారి మూడు రోజులే ఆగాలి, ఓవెన్ ముందు కాకుండా పిండి కలిపే వైపు పని అడుగు, ఆ జబ్బు వల్ల కావచ్చు, వేడి వల్ల కావచ్చు, ఏమీ తెలియకుండానూ ఉండొచ్చు, ఒకటి రెండు ఉన్నా వాటిని పట్టుకుని అండంలోకి ఎక్కించే డాక్టర్లున్నారు, కుదరొచ్చు, కుదరకపోవచ్చు. నా గొంతు నాకే పక్క గదిలోంచి వినిపించినట్టుంది. అతను అంతా విన్నాడు.

"అమ్మకి చెప్పాలా?"

"అక్కర్లేదు. ఇది నీ ఒంటి సంగతి. ఎవరికీ చెప్పక్కర్లేదు."

ఎదురుగా ఉన్న పాప కుర్చీ దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగింది.

"నీ ఒంటి సంగతి ఐదేళ్ళు అందరికీ చెప్పాం కదా" అన్నాడు.

ఫోను తీశాడు. లేచి బయటికి వెళ్తాడనుకున్నాను, వెళ్ళలేదు, నా పక్కనే కూర్చుని చేశాడు. "అమ్మా, నేనే. ఆ, తిన్నాను. ల్యాబులో, తన దగ్గర. రిపోర్టు వచ్చింది. తనది కాదు, నాది." కాసేపు విన్నాడు. "నాదే. లేదమ్మా, తను రాసింది కాదు, డాక్టరుగారు కూడా చూశారు. తనలో ఏమీ లేదు. మొదటి నుంచీ లేదు." ఇంకా కాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, తర్వాత దించి దాని మొహం చూశాడు. "పెట్టేసింది" అన్నాడు. అతని కళ్ళు తడిగా లేవు, తెల్లవారుజామున లేచిన మనిషి కళ్ళలా ఎర్రగా ఉన్నాయి అంతే. నేను అతని చెయ్యి పట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను. పట్టుకున్నాను, ఆలోచన పూర్తికాకుండానే. వేడిగా ఉంది.

అప్పుడు నా కోటు జేబులో ఫోను అదిరింది. అత్తయ్య అని పేరు. పనివేళల్లో ఆవిడ నాకు ఎప్పుడూ ఫోను చెయ్యలేదు. అది అదురుతూ ఉంది, మా ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. తీసి, "చెప్పండత్తయ్యా" అన్నాను.

అటు నుంచి మాట రాలేదు. వంటింట్లో ఉన్నట్టుంది, కుళాయి పారుతున్న చప్పుడు వినిపిస్తోంది, గిన్నె నిండి నీళ్ళు పొర్లుతున్న చప్పుడు. నీటి చుక్క వృథాగా పోనివ్వని మనిషి. ఏదో అనబోయి ఆగింది, మళ్ళీ అనబోయింది. నేను ఏదైనా అంటే ఆవిడకి సులువయ్యేది, పరవాలేదు అనో, మీకు మాత్రం ఎలా తెలుస్తుంది అనో. ఆవిడ పీల్చి వదులుతున్న గాలి వింటూ కూర్చున్నాను. హాల్లో దోమ పంతొమ్మిదో నంబరుని పిలిచింది, ఎవరో లేచారు. కుళాయి పారుతూనే ఉంది. ఫోను పెట్టెయ్యాలని మాత్రం ఆవిడకీ తోచలేదు, నాకూ తోచలేదు.